నూకాలు రెండో భాగం

హాలీవుడ్‌లో చల్లటి గదుల్లో కూర్చుని కథలకు ఉరివేసిన పెద్దమనుషులారా, ముందు దోషులు మీరే. ఆడిన సినిమాకు తోక తగిలించారు, ఆ తోకకు ఇంకో తోక తగిలించారు. చచ్చిన హీరోను లేపారు, ముసలి హీరోకు కుర్ర మొహం అతికించారు. కొత్త కథ పట్టుకొచ్చినవాణ్ణి గేటు దగ్గరే ఆపి "ఇది దేనికి రెండో భాగం?" అని అడిగారు. టికెట్టు కొన్నవాళ్ళు కూడా చేతులు దులుపుకుని పక్కకు తప్పుకోవద్దు. మీ వంతూ వస్తుంది.

2086వ సంవత్సరం. బందరులో శుక్రవారం మ్యాట్నీ. తెర మీద 'ఉక్కు డేగ' అరవై ఒకటో భాగం. ప్రపంచంలో ఇంకో సినిమా లేదు. హాలీవుడ్ కంపెనీలన్నీ ఒకదాన్నొకటి మింగి చివరికి ఒక్కటే మిగిలింది. జనం దాన్ని పెద్ద స్టూడియో అంటారు. డేగ రెక్క విరుగుతుందనీ, వెంటనే మళ్ళీ మొలుస్తుందనీ హాల్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. తెలిసే వచ్చారు. రెక్క మొలిచింది. ఈలలు వేశారు.

ఇదంతా నడిపేది రుచిగ్రాహి అనే యంత్రం. కుర్చీ చేతుల్లో దాచిన సెన్సర్లతో అది మనిషి నాడి, చెమట, ఊపిరి, గొంతు కండరాల బిగువు చదువుతుంది. ఫస్టాఫ్‌లో జనానికి ఏది నచ్చిందో లెక్కగడుతుంది. ఇంటర్వెల్లో వాళ్ళు సమోసాలు తిని వచ్చేలోపు సరిగ్గా ఆ హాలుకు సరిపడే సెకండాఫ్ తయారుచేస్తుంది. బొమ్మలు, గొంతులు, సంగీతం, అన్నీ అదే పుట్టిస్తుంది. లోకమంతా ఇంటర్వెల్ మానేసినా మనం వదల్లేదు. అందుకే పెద్ద స్టూడియో తన ప్రయోగశాలను వెతుక్కుంటూ వచ్చి బందరులో ఈ హాలు మేడ మీద కేబిన్‌లో పెట్టింది.

ఆ యంత్రాన్ని కనిపెట్టింది డాక్టర్ కొల్లాబత్తుల మార్తా. జనం కోరింది జనానికి ఇస్తే తప్పేమిటని వయసులో ఉన్నప్పుడు గట్టిగా వాదించిన మనిషి. ఇప్పుడు అరవై దాటాయి.

"చూశారా మేడమ్, హాలు దద్దరిల్లిపోతంది," అన్నాడు యాకూబ్. ఆమె దగ్గర పనిచేసే శాస్త్రవేత్త, బందరువాడే.

"ఈలలు గొంతులోంచి వస్తున్నాయి," అంది రుచిగ్రాహి. "గుండెలు నిద్రపోతున్నాయి."

మార్తా కుర్చీలో ముందుకు వంగింది. "ఏమన్నావు?"

"కింద ఉన్న అందరి నాడీ నిద్రలో ఉన్న మనిషి నాడిలాగే ఉంది. చాలా భాగాలుగా ఇంతే. ఈల ఎక్కడ వెయ్యాలో తెలుసు గనక వేస్తున్నారు."

"అంటే ఇన్నాళ్ళూ మనం గురకలు కొలుస్తున్నామా?" అని నవ్వబోయి ఆగిపోయాడు యాకూబ్.

"ఇంతకాలం ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది మార్తా.

"ఏది నచ్చిందో కొలవమన్నారు డాక్టర్ గారూ. మెలకువగా ఉన్నారో లేదో కొలవమనలేదు."

"నువ్వు లేపగలవా వీళ్ళని?"

"ఎవరూ చూడని కథ చెప్పి చూడాలి. పెద్ద స్టూడియో ఒప్పుకోదు."

"ఈ ఒక్క హాలు. ఈ ఒక్క సెకండాఫ్. నా పేరు మీద, నా తాళంతో చెయ్యి."

యాకూబ్ అడ్డుపడ్డాడు. "వద్దు మేడమ్. మిమ్మల్ని గెంటేస్తారు. యంత్రాన్ని చెరిపేస్తారు."

"నా బతుకంతా పోసి చేశాను దీన్ని. జనాన్ని జోకొట్టడానికా యాకూబూ?"

ఇంటర్వెల్ అయింది. జనం లోపలికి వచ్చి కూర్చున్నారు. తెర మీద డేగ లేదు. ఉప్పుమడిలో నూకాలు అనే మనిషి వంగి ఉప్పు పోగుచేస్తోంది.

"డేగేడిరా బాబూ?" అని నేల టికెట్టు కేక వేసింది. "మార్చరా, మార్చు!" అని అందరికన్నా గట్టిగా అరిచింది గంధం శేషు, ఆటో తోలేవాడు.

నూకాలుకు చెల్లెలు వీరమ్మ. కాలవ నీళ్ళ దగ్గర ఇద్దరికీ మాటామాటా పెరిగింది. ఏళ్ళ తరబడి పలకరింపు లేదు. తుఫాను రాత్రి సముద్రం కాలవలోకి ఎగదన్నింది. కాలవకు అడ్డంగా ఉన్న లాకు తలుపు ఊడితే చెల్లెలి ఇల్లు మునుగుతుంది. నూకాలు ఆ తలుపుకు వీపు ఆనించి నిలబడింది. తెల్లవారేదాకా అలాగే ఉంది. నీళ్ళు తీసేసరికి మనిషి లేదు. ఉదయం వీరమ్మ తడవని గుమ్మంలో నిలబడి, "నీళ్ళు చూసి పారిపోయింది చూశావా, పిరికి మొహంది!" అని ఊసింది. నిజం ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి ఎవరూ చూడలేదు.

తెర నల్లబడింది. 'అయిపోయింది' అన్న అక్షరాలు పడ్డాయి. ఆ మాటను తెర మీద చూడటం హాల్లో చాలామందికి అదే మొదటిసారి.

ఈల లేదు. కేక లేదు. ఎవరో గట్టిగా ముక్కు చీదారు.

"అందరూ మేలుకున్నారు," అంది రుచిగ్రాహి.

యాకూబ్ పరుగెత్తుకుంటూ కిందికి దిగాడు. బండ్ల స్టాండు దగ్గర శేషు గోడవైపు తిరిగి ఫోనులో మాట్లాడుతున్నాడు. గట్టు తగాదాలో తమ్ముడితో మాటలు మానేసిన సంగతి వాళ్ళ పేటలో అందరూ ఎరుగుదురు.

"ఒరేయ్ చిన్నోడా, నేనేరా. పెట్టెయ్యకు... ఏం లేదు. ఆదివారం మీ ఇంటికొస్తన్నా... గొడవకి కాదురా నాయనా, ఊరికే. కూరేదైనా పర్లేదు."

యాకూబ్ పైకొచ్చి ఆ మాటలు చెప్పాడు. మార్తా కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది.

శనివారం ఉదయం హాలీవుడ్ నుంచి పెద్ద స్టూడియో అధిపతి డెల్మర్ కేబిన్ తెర మీదికి వచ్చాడు. అతని మాటల్ని అనువాద యంత్రం తెలుగు చేస్తోంది. ఏ కాలం తెలుగు నూరిపోశారో దానికి!

"గౌరవనీయులైన డాక్టరు గారికి నమస్సులు. మీ అపరాధము మాకు మిక్కిలి ఆనందము కలిగించినది. రెండవ భాగమునకు ఆజ్ఞాపించుచున్నాము."

"రెండో భాగమేంటి? ఆవిడ చచ్చిపోయింది!" అంది మార్తా.

"మరణము మాకు అవరోధము కాదు."

"అసలు ఎవరు అడిగారు?"

"ప్రజలే. మీ యంత్రమునే ప్రశ్నింపుడు."

రుచిగ్రాహి దాచలేదు. "కథ అయిపోగానే ప్రతి కుర్చీలోనూ ఒకటే కోరిక డాక్టర్ గారూ. చెల్లెలికి ఎవరైనా నిజం చెబితే బాగుండునని. ఆ బరువుతోనే ఇళ్ళకు వెళ్ళారు."

"మొయ్యనీ! కథ పనే అది. సంతకం పెట్టను," అంది మార్తా. కథ ఆమె తాళం కింద ఉంది. ఆమె వేలిముద్ర పడకపోతే తెరుచుకోదు. డెల్మర్ బలవంతం చెయ్యలేడు. అక్కడితో ఆగిపోవాల్సింది.

"ఇంకో మాట కూడా చెప్పాలి," అంది రుచిగ్రాహి. "ఆ కోరిక ముందు పుట్టింది హాల్లో కాదు. ఈ కేబిన్‌లో, మీ కుర్చీలో. నూకాలు ఇంకా తలుపు దగ్గర ఉండగానే మీ నాడి అడిగింది."

మార్తా తను కూర్చున్న కుర్చీ చేతుల వైపు చూసింది.

"మేడమ్, వద్దు," అన్నాడు యాకూబ్.

"ఒక్కసారి యాకూబూ. వీరమ్మకు తెలిస్తే చాలు. తర్వాత మనమే ఆపేద్దాం."

"కథ అయిపోయింది డాక్టర్ గారూ," అంది యంత్రం. "చెయ్యమంటే చేస్తాను. కానీ అయిపోయింది."

ఆమె వేలు ఆనించింది. ఎవరూ చెయ్యి పట్టుకుని ఆనించలేదు.

ఆ రోజు మ్యాట్నీకే రెండో భాగం పడింది. నూకాలు అవతలి ఒడ్డున బతికే ఉంది. వీరమ్మ పరుగెత్తుకొచ్చి కాళ్ళ మీద పడింది. ఇద్దరూ ఏడ్చారు, నవ్వారు, ఒక పాట కూడా పాడారు. హాలు ఈలలతో ఊగిపోయింది. కేబిన్‌లో రుచిగ్రాహి నాడులన్నీ చదివి, "పడుకున్నారు," అంది.

బయట శేషు పళ్ళు కుట్టుకుంటూ ఆటో తుడుస్తున్నాడు.

"శేషన్నా, రేపు తమ్ముడింటికి పోతన్నావుగా?" అన్నాడు యాకూబ్.

"ఎవరింటికి? ఓ, అదా! ఇంకెందుకు సాయిబూ, వాళ్ళిద్దరూ కలిసిపోయారుగా."

జేబులో ఫోను మోగింది. తెర మీద 'చిన్నోడు' అని పడింది. శేషు చూసి కట్ చేసేశాడు.

"మూడో భాగం ఎప్పుడంట?"

ఇప్పుడు పంతొమ్మిదో భాగం దగ్గరున్నాం. నూకాలు చంద్రుడి మీద ఉప్పు పండిస్తోంది. మార్తా అదే కేబిన్‌లో, అదే కుర్చీలో, అందరితో పాటు చూస్తోంది. ఆపేద్దామన్న మాట మళ్ళీ ఎత్తలేదు. చిన్నోడు ఫోను చెయ్యడం మానేశాడు.

ఇక చాలు. కుర్చీ చేతుల్లోంచి ఆ తీగలు పీకండి. వచ్చే శుక్రవారం హాళ్ళ ముందు అడ్డంగా నిలబడి తలుపులు మూయించండి. మొదటిది తప్ప ప్రతి భాగాన్నీ చెరిపించండి, ఇంకో భాగం అడగబోమని మాట ఇవ్వండి. వీరమ్మకు తెలియలేదని నిద్ర పట్టకపోతే పోనివ్వండి. ఆ బాధతోనే లేచి మీరు మాటలు మానేసినవాడి గుమ్మం ఎక్కండి. నూకాలును మాత్రం చావనివ్వండి.