వావిలి తొట్టెల

తెల్లవారి వాకిలి ఊడ్చి, పొయ్యి మీద అంబలి కుండ పెట్టి, మణెమ్మ నీళ్ల ముంత పట్టుకుని వాగు గట్టుకు బయలుదేరింది. నెలలు నిండుతున్నాయి. నడుముకు చెయ్యి ఆనించుకోనిదే నాలుగడుగులు పడటం లేదు. వాన పడింది, గట్టు జారుతోంది, పోవద్దని మొగుడు సోమన్న కొన్నాళ్లుగా కట్టడి చేశాడు. ఆ పూట అతను గొడ్డలి నూరుకునే సందు చూసుకుని, చిన్నపిల్లలా దొంగచాటుగా కదిలింది.

మోతె పక్కన ఓ పల్లెలో వాళ్లది కర్రలు వంచే ఇల్లు. పచ్చి రేల మొక్కలు కోసుకొచ్చి, సెగ చూపించి, మోకాలికి అదిమి వంచి కుర్చీలు కడతారు. చిత్రిక పట్టిన నున్నటి చెక్క వ్యవహారం కాదు. బెరడు బెరడులాగే ఉంటుంది, కణుపు కణుపులాగే ఉంటుంది. సోమన్న కట్టిన కుర్చీలో కూర్చున్నవాడు లేవడానికి బద్ధకిస్తాడని సూర్యాపేట దాకా పేరుంది.

పసిబిడ్డ ఊగే తొట్టెల సంగతి మాత్రం వేరు. ఆ ఇంట్లో కోడలికి కడుపు నిలిచిందని తెలియగానే, ఆమే స్వయంగా వాగు గట్టున లేత వావిలి కొమ్మలు ఎంచుకుని, వాటిని విల్లులా వంచి, కింద పాతిన గూటానికి తాడుతో కట్టాలి. కొమ్మ చెట్టునే ఉంటుంది. లోపల బిడ్డ పెరిగినట్టే బయట కొమ్మా వంపులోనే పెరుగుతుంది. పురిటికి ముందు తల్లే కత్తి పట్టి కోసి తొట్టెల కడుతుంది. ఇంకెవరూ కత్తి పెట్టరు. ఆ కొమ్మలు పచ్చగా ఉన్నంత కాలం బిడ్డకు ఢోకా లేదని ఆ ఇంటి నమ్మకం. రెండుసార్లు కడుపు పోగొట్టుకున్న మణెమ్మ, ఆ నమ్మకాన్ని ఎంత గట్టిగా పట్టుకుందో చెప్పనక్కర్లేదు.

గట్టు దిగి చూస్తే కొమ్మల్లేవు. గూటాలున్నాయి, వాటికి తాడు ముక్కలున్నాయి, వావిలి మొదళ్లు తెల్లగా నరికి ఉన్నాయి. మణెమ్మ చేతిలోని ముంత జారిపోయింది. నోట్లోంచి ఏడుపు కూడా రాలేదు.

ఇంటికొచ్చేసరికి సోమన్న కుర్చీ చెయ్యికి కట్టు బిగిస్తున్నాడు. అత్త కొమురమ్మ అరుగు మీద కూర్చుని పప్పు చెరుగుతోంది.

"నా కొమ్మలు ఎవరు కోసిండ్రు?" అంది మణెమ్మ.

సోమన్న తల ఎత్తలేదు. "నేనే కోసిన."

"నువ్వా?"

"కోదాడ శంకరయ్య కుర్చీలకు వంపు కర్రలు తక్కువ వడ్డయి. జల్ది గావాలన్నడు. అందుకే ఇచ్చిన."

దొంగ కోసుకుపోయాడన్నా మణెమ్మకు ఇంత బాధ ఉండేది కాదు. ఆ గూటాలు పాతిన రోజు పక్కన నిలబడి, మురిపెంగా చూసినవాడు ఇతనే.

"తల్లి తప్ప ఎవ్వరు కత్తి వెట్టొద్దని నీకు ఎర్కలేదా? నీ పెండ్లాం కడుపు కన్న ఆ సేటు కుర్చీ ఎక్కువయిందా?"

"కొమ్మలే గద. మల్ల వంచుకుందం తీయ్."

"అత్తా, ఇంటున్నవా నీ కొడుకు మాట? నువ్వన్న అడుగవా?"

ఈ ఆచారం నూరిపోసిందే కొమురమ్మ. ఆమె గయ్యిమంటుందనుకుంది మణెమ్మ. అత్త మాత్రం చేటలోకి చూస్తూ, "పోనియ్ బిడ్డా, లొల్లెందుకు" అంది, అంతే. మొగుడు పొడిచిన పోటుకు అత్త కూడా చెయ్యి వేసినట్టయింది. మణెమ్మ లోపలికి వెళ్లి చీరలు మూటగట్టింది. ఆత్మకూరులో తల్లిగారి ఇల్లుంది. పురుడు అక్కడే పోసుకుంటుంది. ఈ గడప మళ్లీ తొక్కేదీ లేనిదీ తర్వాతి మాట.

మూట చంకన పెట్టుకుని బయటకొచ్చేసరికి వాకిట్లో శంకరయ్య బండి ఆగింది. పోలీసు యాక్షన్ అయి, రజాకార్ల భయం పోయాక కోదాడ బండ్లు మళ్లీ ఈ దారిన తిరుగుతున్నాయి. శంకరయ్య భారీ మనిషి, నవ్వుతూ దిగాడు.

మణెమ్మ సిగ్గు విడిచి ఎదురెళ్లింది. "సేటూ, నీకు దండం వెడత. నా వావిలి కొమ్మలు నాకియ్యి. వాటికి బదులు ఎన్ని కర్రలన్న నేనే వంచిస్త."

శంకరయ్య తెల్లబోయాడు. "వావిలి నాకెందుకమ్మా? ఆ సన్న పుల్లలతో కుర్చీ కడితే నేను కూర్చున్న మరుక్షణం నేల మీదుంటాను. మీ ఆయన నాకెప్పుడూ రేల కర్రలవే ఇస్తాడు. ఏం సోమన్నా?"

సోమన్న మొహం చూసి శంకరయ్యకు ఏదో అర్థమైంది. ఎడ్లకు నీళ్లు పెట్టి వస్తానంటూ బండిని బావి వైపు తోలుకుపోయాడు.

కోసినందుకు ఒక కోపం. అబద్ధమాడినందుకు ఇప్పుడు దానికి వెయ్యింతలు.

"ఎవలకిచ్చినవ్? ఏ ఆడామె తొట్టెలకు ఇచ్చినవ్ నా కొమ్మలు?"

"ఎవ్వలకియ్యలే, మణెమ్మా."

"మరేడ వెట్టినవ్? మొగనివయితే సూపియ్యి!"

సోమన్న లేచి గడ్డివాము దగ్గరికి వెళ్లాడు. గడ్డి లాగి, తడి గోనెలో చుట్టిన కొమ్మలు తెచ్చి ఆమె ముందు పడేశాడు. మూడు పచ్చగానే ఉన్నాయి. ఒకటి మాత్రం కొస దాకా ఎండిపోయి ఉంది.

"గిది ఎండింది. నువ్వు సూస్తవని అన్ని కోసేసిన. నన్ను తిడితే తిట్టినవ్, గుండె వగలకుంటే సాలనుకున్న."

మణెమ్మ ఎండు కొమ్మను చేతిలోకి తీసుకుంది. తాడు కట్టిన చోట వేలితో తడిమింది. కొమ్మ లావెక్కింది, తాడు అట్లాగే ఉంది. బెరడును చుట్టూ కోసుకుంటూ లోపలిదాకా దిగింది. ఈ పని చేతనైనవాడెవడైనా చూడగానే చెప్పే సంగతి.

"కట్టు కోసుకపోయి ఎండింది. నాకు వంగరాదు, నువ్వు వోయి ముడులు వదులు జెయ్యుమని చెప్పిన గద?"

"మిర్యాలగూడకు కుర్చీలు దీస్కపోయిన నాడు... మర్సిన."

"ఊరందరి కర్రలకు కట్టు సూసెటోనివి, దీని కట్టెందుకు సూడలే?"

"ఎండిందని సూడంగనే భయమయింది. ఇగ ఏం సూడలే."

మణెమ్మకు ఇప్పుడు వచ్చింది ఏడుపు, కట్ట తెగినట్టు.

"అంటే మన బిడ్డ పోయిందనే అనుకున్నవ్. నేను దినాం కడుపు నిమురుకుంట ముచ్చట జెప్తుంటె, నువ్వు పక్కనే పండుకోని మనసుల శోకం వెట్టినవ్. కొమ్మలు కోసుడు గాదయ్యా, గిదీ నువ్వు నాకు జేసిన ద్రోహం. బతికున్న బిడ్డను నా ఒక్కదానికి ఒదిలేసినవ్."

సోమన్న నేల మీద కూర్చుని ఏడ్చాడు. అరుగు మీద చేట కింద పడింది. కొమురమ్మ లేచి వచ్చి కోడలి పక్కన నిలబడింది.

"వాడు నాకు జెప్పిండు బిడ్డా. గప్పుడే నేను వానికి జెప్పాల్సుండె. నోరు రాలే." ఎండు కొమ్మ వైపు వేలు చూపింది. "వీడు కడుపుల వడ్డప్పుడు నేను గట్టిన కొమ్మలు కూడ ఎండినయి. ఒకటి గాదు, అన్ని. మా అత్త కండ్లు గప్పి వేరే కొమ్మలు వంచి కట్టిన. ఇయ్యాల్టిదాక ఎవ్వలకు జెప్పలే. చెప్తె నా కొడుకును జూసి అందరు అపశకునమంటరని భయపడ్డ."

సోమన్న తలెత్తి తల్లిని చూశాడు. ముప్పై ఏళ్లు దాటిన మనిషి, రేల మొక్కను మోకాలికి అదిమి విల్లు చేసే మనిషి, నోరు తెరుచుకుని పసివాడిలా చూశాడు.

మణెమ్మకు అత్త మీద మండిపోయింది. 'నువ్వు ఆ మాట ముందే అని ఉంటే...' అనబోయింది. ముసలామె మొహం చూసి మింగేసింది. ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే కప్పు కింద, ఒకే భయాన్ని సాకారు. మణెమ్మ పచ్చ కొమ్మల్లోంచి ఒకటి తీసి సోమన్న ఒళ్లో పెట్టింది.

"ఏడిసింది సాలు. ముందుగాల కోసినవ్, పట్టుకోకుంటే వంపు వోతది. గట్టిగ పట్టు, నేను కడత."

అతను రెండు చేతులా వంచి పట్టాడు. ఆమె తాడు చుట్టింది. అత్త ఇంకో కొస అందుకుంది.

"కొడుకే పుడితే," అంది మణెమ్మ ముడి వేస్తూ, "వానికి పెండ్లయి కోడలొచ్చిన నాడే గీ ముచ్చట ఆ పిల్లకు జెప్త. ఏదీ దాయ."

రెండు కడుపులు పోయాక, బిడ్డ బతికి పెళ్లి చేసుకునే దాకా ఆమె నోట మాట రావడం అదే మొదలు. సోమన్నకు కళ్లు మళ్లీ నిండాయి. కొమ్మ మాత్రం వదల్లేదు.