గుమ్మటం కింద అమ్మమ్మ

“అమ్మమ్మా, వద్దు! ఇక్కడ షూస్ తియ్యరు!”

రేణు అనేలోపే శేషమ్మ రెండు బూట్లూ విప్పేసింది. మెట్ల పక్కన గోడవారగా పెట్టి, మేజోళ్ళు కూడా తీసి వాటిలో కుక్కింది.

“దేవుడి దగ్గరికి చెప్పులతో పోతామటే? ఏ దేవుడైతేనేం?” అంది.

అది 1984, అక్టోబరు నెల. మధ్యాహ్నం ఎండ ఉన్నా గాలి చల్లగా కొడుతోంది. తాముండే ఎడిసన్ ఊరి నుంచి ఫిలడెల్ఫియాలో పెద్ద చర్చి చూడ్డానికి వచ్చారు వాళ్ళు. అమ్మకి ఆ శనివారం హాస్పిటల్‌లో డ్యూటీ. నాన్న ఇద్దరినీ గుమ్మం దగ్గర దింపి, కార్ పార్క్ చెయ్యడానికి చోటు వెతుక్కుంటూ వెళ్ళాడు.

వెళ్తూ వెళ్తూ, “అమ్మమ్మ చెయ్యి వదలకు. గైడ్ చెప్పేదంతా తెలుగులో చెప్పు, సరేనా?” అన్నాడు రేణుతో.

సరేనంది రేణు. కానీ లోపల టూర్ లైన్‌లో గులాబీ రంగు జాకెట్ వేసుకున్న పిల్ల ఒకతి కనిపించింది. పేరు స్టేసీ. రేణులాగే తనకీ తొమ్మిదేళ్ళే. రేణుకి ఒక బబుల్ గమ్ ఇచ్చింది. ఇంకేం, నిమిషంలో ఇద్దరూ జట్టు కట్టేశారు.

ఆ చర్చి ఎంత పెద్దదో ఏం చెప్పను! మాట్లాడితే మాట పోయి పోయి, ఎక్కడో తగిలి తిరిగొస్తోంది. శేషమ్మ ఊరుకునే మనిషి కాదాయె.

“రేణూ, ఇంత పెద్ద హాలుకి మధ్యలో ఒక్క స్తంభం లేదేమే? అడుగు ఆ మీసాలాయన్ని.”

“ష్! తర్వాత, అమ్మమ్మా.”

అందరూ ఇటే చూస్తున్నారనిపించింది రేణుకి. మెల్లిగా చెయ్యి విడిపించుకుని స్టేసీ పక్కకి జరిగింది.

స్టేసీ రేణు చెవిలో గుసగుసలాడింది. “ఆవిడని చూడు, కాళ్ళకి షూస్ లేవు! మీతో వచ్చిందా?”

రేణు చెవులు వేడెక్కాయి.

“నో,” అంది.

శేషమ్మకి ఇంగ్లీషు రాదు. కానీ ఆ ఒక్క మాటా వచ్చు. ఆ పిల్ల వేలు ఎవరి కాళ్ళవైపు చూపిందో కూడా చూసింది. చీర కుచ్చెళ్ళు కాస్త కిందికి లాగి పాదాలు కప్పుకుంది. వెనక్కి వెళ్ళి ఒక చెక్క బెంచీ మీద కూర్చుంది.

తెల్ల మీసాల గైడ్ అందరినీ గుమ్మటం కిందికి తీసుకెళ్ళాడు. “ఇప్పుడు పైకి చూడండి,” అన్నాడు.

రేణు తలెత్తింది.

అబ్బ! ఆకాశానికి ఎవరో బంగారు గిన్నె బోర్లించినట్టుంది. చుట్టూ కిటికీలు. కిటికీల్లోంచి వెలుగు ధారగా దిగుతోంది.

“అమ్మమ్మా, చూడు చూడు!” అంటూ పక్కకి తిరిగింది.

పక్కన ఎవరూ లేరు.

దూరంగా బెంచీ మీద శేషమ్మ మెడ సాచి చూస్తోంది. అక్కణ్ణించి గుమ్మటం అంచు మాత్రమే కనబడుతుంది. రేణుకి నోట్లో గమ్ ఒక్కసారిగా చప్పగా అయిపోయింది. గబగబా వెనక్కి నడిచింది.

“అమ్మమ్మా, కోపమా?”

“కోపమెందుకే పిచ్చిదానా? ఆ పిల్ల ముందు నీకు చిన్నతనం కదా అని ఇక్కడ కూర్చున్నా. నాకు ఇక్కణ్ణించీ బాగానే కనిపిస్తోంది. నువ్వెళ్ళి చూసుకో, ఫో.”

“బాగా కనిపించదు. రా!”

చెయ్యి పట్టుకుని లేపింది. నడిపించుకుంటూ తెచ్చి గుమ్మటానికి సరిగ్గా నడిమధ్యన నిలబెట్టింది. శేషమ్మ కళ్ళజోడు సర్దుకుని పైకి చూసింది. మెడ వెనక్కి వాల్చి ఆ అంచు నుంచి ఈ అంచుదాకా కళ్ళు తిప్పింది.

చివరికి రేణు చెవి దగ్గరికి వంగి, “అంత ఎత్తున బూజు ఎవరు దులుపుతారే?” అంది.

స్టేసీ ఇటే చూస్తోంది. అయినా రేణు చెయ్యి పైకెత్తింది.

“ఎక్స్‌క్యూజ్ మీ! మా అమ్మమ్మ ఒక మాట అడుగుతోంది. అంత పైన బూజు ఎవరు దులుపుతారు?”

అందరూ ఇటు తిరిగారు. గైడ్ పకపకా నవ్వాడు. “మంచి ప్రశ్న! మా ఇంట్లో అయితే నేనే. ఇక్కడ మాత్రం పైదాకా ఇనుప గొట్టాలతో పరంజా కట్టాలి. దాని మీదికి మనుషులు ఎక్కి దులుపుతారు.”

రేణు ఆ మాటలన్నీ తెలుగులో చెప్పింది. పరంజా అన్న మాట రాక చేతులతో మెట్లు మెట్లుగా కట్టి చూపించింది.

“అయ్యో, పడిపోరూ పాపం!” అని శేషమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

స్టేసీ దగ్గరికొచ్చింది. “మీతో రాలేదన్నావుగా?”

“అబద్ధం చెప్పాను. మా అమ్మమ్మే,” అంది రేణు. “దేవుడి దగ్గరికి మేం షూస్‌తో వెళ్ళం. అందుకే తీసేసింది.”

“ఓ,” అంది స్టేసీ. శేషమ్మ పాదాలవైపు చూసి, “నేల చల్లగా లేదా ఆవిడకి?” అని అడిగింది.

శేషమ్మ రేణు భుజం మీద తట్టింది. “ఒసే, ఇంకోటి కూడా అడగనా?”

అమ్మమ్మ ప్రశ్న ఇంకా మొదలే పెట్టలేదు. రేణు చెయ్యి అప్పటికే పైకి లేచింది.