చెయ్యి దూరని సందు

ఓనరు శవం బోటు కింద కాంక్రీటు మీద పడి ఉంది. మెడ విరిగింది. టైము ఉదయం 7:10.

బోటు నీళ్ళలో లేదు. రిపేరు యార్డులో ఇనుప స్టాండ్ల మీద రెండంతస్తుల ఎత్తున నిలబెట్టి ఉంది. పాలిష్ కోసం రెయిలింగ్ తాళ్ళు విప్పేశారు. రోజూ పొద్దున్నే డెక్ మీద ఒక చుట్టు తిరిగి, పనివాళ్ళను నాలుగు తిట్టడం ఓనరుకు అలవాటు. ఈ రోజు నోరు తెరవకముందే జారాడు.

ఇన్‌స్పెక్టరుకు ఈ చోటు కొత్త కాదు. ఏడాది కిందట ఇదే డెక్ మీంచి ఒక పాలిష్ పనివాడు పడి చనిపోయాడు. ఆ కేసును ఆయన పది నిమిషాల్లో మూసేశాడు.

ఈసారి నిచ్చెన ఎక్కి, వంగి, డెక్ మీద వేలితో రుద్ది చూశాడు. కాలు జారకుండా గరుకుగా ఉండాల్సిన దారి నున్నగా ఉంది.

వ్యాక్స్!

ఇద్దరిని పైకి పిలిచాడు. ఒకడు ఓనరు బావమరిది. రెండో మనిషి పాలిష్ పనిచేసే ఆవిడ. యార్డులో అందరికీ ఆమె అక్కే.

"నిన్న ఆఖర్న బోటు దిగిందెవరు?"

"నేనే సార్. 6:30కి," అన్నాడు బావమరిది. "బావకూ నాకూ పడదు, నిజమే. కానీ నాకు వ్యాక్స్ డబ్బా మూత తియ్యడం కూడా రాదు!"

"అదే సార్," అందుకుంది అక్క. "నడిచేచోట వ్యాక్స్ పూసేది పని తెలియనివాళ్ళే. మేం చచ్చినా పూయం."

బావమరిది రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

ఇన్‌స్పెక్టరు రెయిలింగ్ స్తంభం వెనక చిన్న అద్దం పెట్టి, టార్చ్ వేశాడు. స్తంభానికీ డెక్ అంచుకూ మధ్య వేలు కూడా దూరని సందు.

"ఈ వైపు పాలిష్ ఎప్పుడు?"

"ఇంకా మొదలెట్టలేదు సార్," అంది అక్క.

"మరి ఈ సందులో వ్యాక్స్ ఎలా వచ్చింది? పుల్లకు గుడ్డ చుట్టి పూశారు. మళ్ళీ శుభ్రంగా తుడిచారు. వ్యాక్స్ ఎండిన తెల్ల మరక ఒక్కటి లేదు. ఇక్కడ ఎవరి కాలూ పడదు. పని రానివాడికి ఈ సందు కనపడనే కనపడదు. ఇది చెయ్యి ఊరుకోని మనిషి పని, అక్కా."

ఆమె తల దించలేదు.

"ఏడాదిగా కాచుకుని ఉన్నాను సార్. నిన్న రాత్రి అందరూ పోయాక ఎక్కి పూశాను. సేఫ్టీ బెల్టు అడిగితే ఇవ్వకుండా ఈ ఓనరు మా తమ్ముణ్ణి ఇక్కడికి ఎక్కించాడు. వాడు పడి చచ్చాక, పని చేతకాక పడ్డాడన్నాడు. అందుకే వీడూ ఇక్కడే పడాలనుకున్నాను. పడ్డాడు. నా కడుపు చల్లబడింది."

"ఆ సందు వదిలేసుంటే దొరికేదానివి కాదు."

"వదిలేస్తే మా ఇంట్లోవాళ్ళకు పని చేతకాదన్న మాట నిజమైపోదూ?"

ఆమె రెండు చేతులూ చాపింది. ఇన్‌స్పెక్టరు బేడీలు తీశాడు.

"వీడు ఆ మాట నోటితో అన్నాడంతే సార్. రిపోర్టులో రాసి సంతకం పెట్టింది మీరు," అంది అక్క. "ముందు అది దిద్దండి. నాది తర్వాత రాసుకుందురుగాని."