కారులో మట్టిగూడు

దర్జీ కొట్టు ముందు నీడలో తోడల్లుడి కొత్త కారు ఆగి ఉండేది. తోడల్లుడి ఇంటి సందులో అది పట్టదు. “నీ కళ్ల ముందుంటే నాకు బెంగ లేదన్నయ్యా,” అని తాళాలు కూడా దర్జీ చేతికే ఇచ్చి వెళ్లేవాడు. ఆ కళ్లే దానికి పగవాళ్లని పాపం అతనికి తెలియదు.

మిషను తొక్కుతూ దర్జీ రోజంతా గొణిగేవాడు. “నాకెందుకు లేదు... నాకెందుకు లేదు...”

“ఏమయ్యా, చొక్కాకి మూడో చెయ్యి పెడుతున్నావా?” అంది బేరానికొచ్చిన ముసలమ్మ. “కళ్లు కారు మీదుంటే అంతేలే!”

ఒకనాడు అద్దం సందులోంచి ఒక కందిరీగ లోపలికి దూరడం దర్జీ చూశాడు. దాని నోట్లో తడి మట్టి. స్టీరింగు కింద గూడు కడుతోంది. అది పురుగును తెచ్చి గూట్లో మూసి, చుట్టూ రొద పెడుతుందనీ, ఆ రొద విని విని పురుగే కందిరీగ అయిపోతుందనీ పెద్దలంటారు.

తోడల్లుడితో ఒక్క మాట చెబితే సరిపోయేది. పైగా మరదలికి నెలలు నిండాయి, ఆసుపత్రికి ఆ కారులోనే వెళ్లాలి. అయినా చెప్పలేదు. కందిరీగ కుడితే కుట్టనీ, అనుకున్నాడు. పరుల సొమ్ము చూసి నిట్టూర్చడం పాపం కాదనుకుంటాం. ఆ నిట్టూర్పే మొదటి మట్టిముద్ద.

గూడు పెరిగింది. పిడికిలంత, తర్వాత గుమ్మడికాయంత. వింతగా, తోడల్లుడి కంట మాత్రం పడలేదు.

ఒక సాయంత్రం వీధిలో కరెంటు పోయింది. ఒక్కసారి కూర్చుని చూద్దామని దర్జీ తాళం తీశాడు. తలుపు మెత్తగా మూసుకుంది. కొత్త సీట్ల వాసన. దాని వెనకే బురద వాసన. స్టీరింగు మీద చెయ్యి వేశాడు. కడుపులో మంట చల్లబడినట్టైంది.

మోకాళ్ల దగ్గర రొద మొదలైంది.

సన్నగా... ఆగకుండా...

చెవి ఒగ్గాడు. అది రొద కాదు. మాట.

“నాకెందుకు లేదు... నాకెందుకు లేదు...”

గొంతు తనదే.

చెవిలోకి చల్లగా, తడిగా ఏదో జారింది. తలుపు తోసుకుని పక్కనే ఉన్న ఇంటికి పరుగెత్తాడు.

దీపం వెలుగులో భార్య అతని ముఖంలోకి చూసింది. “చెవికి ఆ మట్టేంటండీ?”

ఆమె బొటనవేలితో తుడిచింది. తుడిచిన వేలిని చాలాసేపు చూసుకుంది. తర్వాత కిటికీలోంచి కారును చూసింది.

తెల్లవారి మరదలికి నొప్పులు మొదలయ్యాయి. తోడల్లుడు ఆమెను నడిపించుకొచ్చాడు.

“అక్కా, నువ్వూ రావే, భయంగా ఉంది.”

అక్క వెళ్లి పక్కన కూర్చుంది. అద్దాలు పైకి లేచాయి. దర్జీ పరుగున వచ్చాడు. ఆగండి, లోపల గూడుందని ఇప్పుడైనా చెప్పాలి. నోరు తెరిచాడు.

రొద వచ్చింది. అంతే.

“ఏంటన్నయ్యా, నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడుతున్నావా?” తోడల్లుడు నవ్వి బండి స్టార్ట్ చేశాడు.

దర్జీ వంగి అద్దంలోంచి స్టీరింగు కిందకి చూశాడు. గూడు లేదు. మరక కూడా లేదు.

వెనక సీట్లో భార్య, చెల్లెలి జుట్టు చెవి వెనక్కి ప్రేమగా సవరిస్తోంది. ఆమె పెదవులు ఒకే మాటను మళ్లీ మళ్లీ అంటున్నట్టు మెల్లగా కదులుతున్నాయి.

ఆమె బొటనవేలి మీద మట్టి ఇంకా తడిగానే ఉంది.