మేడలో అమ్మకు గది

గుమ్మంలో గాజుల పెట్టెతో నిలబడ్డ మనిషిని చూడగానే నబీసా దిగ్గున లేచి ఎదురెళ్ళింది. అమ్మ! ఇవాళే, ఈ వేళకే రావాలా! హాల్లో జాగీరుదారుల ఇంటి ఆడవాళ్ళు కొత్త మేడ చూడవచ్చి, తివాచీల మీద కూర్చుని షర్బత్తు తాగుతున్నారు. నబీసా పుట్టిల్లు భూములున్న ఇల్లని ఆమె భర్త మాబు సాహెబ్ వాళ్ళకు చెప్పి ఉంచాడు.

కర్నూలులో, తుంగభద్ర ఒడ్డున, ద్రాక్షపందిళ్ళ నడుమ ఒక సారా గుత్తేదారు కట్టించుకున్న మేడ అది. గుత్త చేజారి అతను అమ్మజూపితే, వేరుశనగ వ్యాపారం కలిసొచ్చిన మాబు సాహెబ్ కొన్నాడు. రంగుటద్దాల కిటికీలు, పాలరాతి నేల... ఎవరికి కావాలి ఇవన్నీ! ఓర్వకల్లు పూరింట్లో కాయలు ఒలిచి ఒలిచి వేళ్ళు పగిలిన రోజుల్లో నబీసా అతన్ని అడిగింది ఒక్కటే. తండ్రి పోయాక ఊరూరా గాజులమ్మి తనను సాకిన తల్లికి, పెద్ద ఇల్లు కొన్ననాడు అందులో ఒక గది. అతనూ మాటిచ్చాడు. పాపం, అప్పుడు మనస్ఫూర్తిగానే ఇచ్చాడు. మేడ ఎక్కాక ఘోషా వచ్చింది, పరువు వచ్చింది, తల్లిని పిలిపించడం మాత్రం ఇవాళా రేపూ అంటూ వెనక్కి పోతూనే ఉంది. అల్లుడు కొన్న ఇల్లు కళ్ళారా చూద్దామని ఆ పిచ్చితల్లి తనే నడిచి వచ్చింది...

ఆ తల్లి, బీబమ్మ, లోపలివాళ్ళ పట్టుబట్టలు చూసింది. కూతురి మొహం చూసింది. అంతా అర్థమైపోయింది ఆమెకు.

"గాజులేసుకుంటారామ్మా? కొత్త రకాలుండాయి" అంది, కన్నకూతురితో, ఎవరో పరాయి దొరసానితో అన్నట్టు.

ఈమె మా అమ్మ అని ఒక్క మాట అని ఉంటే! నబీసా పక్కకు తప్పుకుని గాజులమ్మికి దారిచ్చినట్టు దారిచ్చింది. బీబమ్మ ముందు అతిథులకు గాజులు తొడిగి, చివర్లో కూతురి చేయి ఒళ్ళోకి తీసుకుంది. చిన్నప్పటిలాగే వేళ్ళు దగ్గరికి చేర్చి, అరచెయ్యి మెల్లగా నొక్కుతూ ఒక్కొక్కటే ఎక్కించింది. తలెత్తకుండానే "బాగుండావా" అని పెదవులు కదిపింది. నబీసా కళ్ళలో నీళ్ళు చూసి, ఇంటావిడ ఎంత సుకుమారమో అని అతిథులు నవ్వారు. ఆ చేతులతోనే, అందరి ముందూ, కన్నతల్లికి గాజుల వెల ఇవ్వవలసి వచ్చింది... వద్దంటే గుట్టు బయటపడుతుందని బీబమ్మ పుచ్చుకుంది, కళ్ళకద్దుకుంది, పెట్టె నెత్తికెత్తుకుని పెరటి దోవన వెళ్ళిపోయింది.

పొద్దు వాలాక మాబు సాహెబ్ ఇంటికొచ్చాడు. భార్య చెప్పిందంతా విని తల దించుకున్నాడు. సిగ్గుపడ్డాడు, నిజమే. కానీ పరువు దక్కిందన్న నిశ్చింత కూడా అతని మొహంలో దాగలేదు. అత్తను తక్కువ చేయాలని తనకు లేదన్నాడు, నలుగురిలో నిలదొక్కుకునేదాకా ఓర్చుకోమన్నాడు.

"నెలకోతూరి ఇట్లే రమ్మందాం, నబీసా. గాజులమ్మే మనిషి ఇంట్లోకొస్తే ఎవురేమనుకుంటారు?"

కసిరి ఉండవలసింది! ఆ మేడను వదిలి తల్లి వెంట నడిచి ఉండవలసింది! ఇద్దరు పిల్లలను పెట్టుకుని ఆడది ఎక్కడికి నడుస్తుంది? నబీసా తల్లి తొడిగిన గాజులను ఒక్కొక్కటే తడిమి చూసుకుంది.

"అయితే ఈతూరి బిగువు గాజులు తెమ్మని చెప్పంపియ్యండి" అంది చివరికి. "ఎక్కిచ్చేదానికి శానాసేపు పట్టాల."