డాక్టరుగారి హీరో వేషం

ఆమెకు తండ్రి వల్ల జరిగిన నష్టం ఇంతా అంతా కాదు. ఏ సినిమాకు తీసుకెళ్లినా ఆయన హీరోను చూడనిచ్చేవాడు కాడు. "వాణ్ణి వదిలేయవే. వెనకాల ఆ వాచ్‌మన్‌ని చూడు, గేటు తీస్తూ ఎలా విసుక్కున్నాడో!" అని మోచేత్తో పొడిచేవాడు. అలా పెంచితే ఆడపిల్ల ఏమవుతుంది? నాటకాలు రాసేదయింది. పైగా, తను చేరిన నాటక సమాజంలో ఆరడుగుల హీరో ఉండగా, పోయి పోయి డాక్టరు మీద మనసు పారేసుకుంది.

నిజానికి అతనిది కళ్లజోళ్ల దుకాణం. ముప్పై నాలుగేళ్లకే బట్టతల. ప్రతి నాటకంలోనూ డాక్టరు వేషం, రెండే డైలాగులు. అందుకే అందరికీ డాక్టరుగారు.

"పదకొండు నాటకాల్లో ఒక్క పేషెంటునీ బతికించలేదట మీరు," అంది మొదటిసారి పలకరిస్తూ.

"రాసేది మీ రచయితలు, చంపిన పేరు నాకా?"

"అయితే నేను మిమ్మల్ని హీరోని చేస్తాను."

"జనం కుర్చీలు విసిరితే?"

"తల గట్టిదే కదా!"

ఆ తర్వాత రిహార్సల్ అయ్యాక రోజూ బస్టాపు దాకా కలిసే నడిచేవారు. ఒకనాడు వానలో, గొడుగంతా ఆమె వైపే వంచి, తను సగం తడిసిపోతూ అడిగాడు. "నన్ను చేసుకుంటారా?"

మనసు ఎప్పుడో ఔనంది. నోరు మాత్రం బెట్టు చేసింది. "మీ నాటకం రాయడం పూర్తయ్యాక చెబుతాను."

నాటకం పూర్తయింది. హీరో కళ్లజోళ్లు అమ్మే బట్టతల మనిషి. ప్రేమించిన అమ్మాయి చివర్లో ఓ అందగాడితో వెళ్లిపోతుంటే, తనే దగ్గరుండి బస్సెక్కిస్తాడు. చదివి వినిపిస్తే అందరూ కళ్లు తుడుచుకున్నారు.

అతనొక్కడే చివరి పేజీ మళ్లీ చదువుకున్నాడు.

"హీరోని చేశారు గానీ, అమ్మాయిని మాత్రం ఇవ్వలేకపోయారన్నమాట."

"రియలిస్టిక్‌గా ఉంటుందని..." మెప్పుల మత్తులో ఉందామె. "త్యాగం మీ మొహానికి భలే నప్పుతుందండీ!"

"నప్పుతుంది లెండి."

ఆనాటి నుంచి అతను బస్టాపు వైపు రాలేదు. తన ప్రశ్నకు ఆ పేజీలోనే జవాబు చూసుకున్నాడని ఆమెకు తట్టనే లేదు. వేషంలో మునిగిపోయాడనుకుని మురిసిపోయింది కూడా. ప్రదర్శనలు మొదలయ్యాక అతని చుట్టూ జనం. ఆమెకు సందు దొరికేసరికి ఐదో ప్రదర్శన అయింది.

గ్రీన్‌రూములో అద్దం ముందు రంగు తుడుచుకుంటున్నాడు. ఆమె నోరు తెరిచేలోగా తన పెళ్లి కార్డు అందించాడు.

"మీ చలవేనండీ. మొదటి రోజు నాటకం చూసిన ఓ టీచరమ్మగారు, వాళ్లన్నయ్యతో కబురు పెట్టారు. ఆ హీరోయిన్‌కి కళ్లు కనబడవా అని ఇంటికెళ్లి ఒకటే తిట్టారట."

ఆమె నవ్వబోయింది. చేతకాలేదు.

"నాటకం పూర్తయ్యాక మీకు ఔననే చెబుదామనుకున్నాను."

అతని చేతిలో దూది ఆగిపోయింది. అద్దంలోంచే ఆమెను చూశాడు.

"మరి అలా రాశారేమండీ?"

"మీలాంటి మనిషిని అమ్మాయి ఎంచుకుంటే జనం నమ్మరనుకున్నాను." కార్డు అంచు ఆమె వేళ్ల మధ్య నలిగిపోయింది. "తప్పండీ. నాదే తప్పు."