ముందు బ్రేకు

ఆదివారం ఉదయం 6:12. మేడిపల్లి దాటాక ఫ్లైఓవర్ దిగుడులో సుధీంద్ర సైకిల్ ముందు బ్రేకు తీగ తెగింది. వెళ్లి డివైడర్‌కు కొట్టుకున్నాడు. ప్రాణం దక్కింది. కాలు దక్కలేదు.

ఉప్పల్‌లో రేసు మొదలయ్యే ముందు ఆ సైకిల్ పక్కన పది నిమిషాలు ఒంటరిగా ఉన్నది తోటి రేసర్ తేజేష్. సుధీంద్ర పేరెత్తితే మండిపడేవాడు. పోలీసులకు ఇంకేం కావాలి? సాయంత్రానికి అరెస్టు కాగితాలు సిద్ధం.

సీఐ భాగ్యశ్రీకి మాత్రం మింగుడుపడలేదు. భూతద్దంలో తీగను చూసింది. సగం పోగులు కట్టర్‌తో కోసినవి. వాటి కొసలకు తుప్పు. మిగతా సగం తెగి మెరుస్తున్నాయి.

"ఒక్కపూటలో తుప్పు పడుతుందా తేజేష్?"

"పట్టదు మేడం. ట్రైనింగ్ రూముల నాలుగు రోజులు తొక్కితే పడ్తది. గాలి ఉండదు, చెమటంత హ్యాండిల్ మీదనే కారుతది."

"బ్రేకు పట్టినప్పుడు తెలియదా?"

"సైకిలే కదలదు, బ్రేకెందుకు? ఎనక చక్రం ఊడదీసి మిషన్‌కు పెడ్తం. శనివారం మళ్ల ఎక్కించి ఎనక బ్రేకు సూసుకుంటం. ముందుది ఎవ్వడూ సూడడు."

భాగ్యశ్రీకి తన మీదే కోపం వచ్చింది. పొద్దున్నుంచీ అందరినీ ఆదివారం గురించే అడిగింది!

రాత్రి 7:40. నాచారంలో ఉమాపతి ట్రైనింగ్ సెంటర్. శుక్రవారం పొద్దున దాకా సుధీంద్ర సైకిల్ ఉన్నది అక్కడే. తాళంచెవి కోచ్ ఉమాపతి దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. అడగకుండానే బస్సు టికెట్ తీసి చూపించాడు.

"శుక్రవారం నుంచి వరంగల్‌ల ఉన్న మేడం."

"టికెట్ నిజమే. తీగ కోసింది అంతకుముందు. మంగళవారమా, ఉమాపతి గారూ?"

ఉమాపతి బొంకలేదు.

"నిరుడు గిదే రేసుల సుధీంద్ర నా బిడ్డ ప్రజ్ఞను మలుపు కాడ భుజంతోని నెట్టిండు. బిడ్డకు కాలు తీసేసిన్రు. వాడు మెడల్ ఏసుకుని నా దగ్గరకే ట్రైనింగ్‌కు వచ్చిండు. అది నా బిడ్డ అని కూడ వానికి తెల్వదు."

"మరి ఎందుకు చేర్చుకున్నారు?"

"స్పీడు పెంచనీకి. ఆర్నెల్లు కష్టపడి నేర్పిన మేడం. ఎంత జోరుగ పోతే అంత గట్టిగ పడాలె."

భాగ్యశ్రీ కానిస్టేబుల్‌కు సైగ చేసింది. "తేజేష్ ఏం చేశాడు? నీ బదులు జైలుకు పోయేవాడు!"

ఉమాపతి ఆ మాట విననట్టే ఉన్నాడు. కానిస్టేబుల్ బేడీలు వేస్తుంటే తలెత్తాడు.

"వానికి ఏ కాలు తీసిన్రు మేడం?"

"ఎడమది."

ఉమాపతి పళ్లు పటపట కొరికాడు.

"నా బిడ్డది కుడిది."